మార్పిడి మరమ్మతు కాదు: చిన్న మోటారు బోటులో విద్యుత్తు, నీరు

చిన్న మోటారు బోటును కదిలించేది ఇంజిను. దాన్ని క్షేమంగా ఒడ్డుకు చేర్చే భారం మాత్రం విద్యుత్తు, నీటి వ్యవస్థల మీద ఉంటుంది. విద్యుత్తు ఇంజినును స్టార్టు చేస్తుంది, రాత్రిపూట దీపాలు వెలిగిస్తుంది, జీపీఎస్‌నూ వీహెచ్‌ఎఫ్ రేడియోనూ నడుపుతుంది. నీటి వ్యవస్థ ఇంజిను వేడిని బయటికి మోసుకుపోతుంది, బోటు అడుగున చేరిన నీటిని తోడేస్తుంది, కేబిన్ ఉన్న బోట్లలో తాగునీరు అందిస్తుంది. ఈ రెండింటి మరమ్మతు గురించి రేవుల్లోనూ వర్క్‌షాపుల్లోనూ ఒక అభిప్రాయం బలంగా నాటుకుపోయింది. ఏ వస్తువు పని చేయడం మానేస్తే ఆ వస్తువు పాడైనట్టు, దాన్ని విప్పి కొత్తది బిగిస్తే మరమ్మతు పూర్తయినట్టు. బ్యాటరీ దిగిపోతే ఇంకా పెద్ద బ్యాటరీ, ఫ్యూజు కాలిపోతే ఇంకా పెద్ద ఫ్యూజు, పంపు తిరగకపోతే కొత్త పంపు, ఇంజిను వేడెక్కితే థర్మోస్టాట్ పీకేయడం.

ఈ అభిప్రాయం తప్పు. అంతకంటే ముఖ్యంగా, ప్రమాదకరం. బోటులో లోపం ఎక్కువగా వస్తువులో ఉండదు. వస్తువుకు విద్యుత్తును, నీటిని చేర్చే దారిలో ఉంటుంది. దారిని కొలవకుండా వస్తువును మార్చేవారు లోపాన్ని అక్కడే వదిలేస్తారు. పైగా అది పోయిందన్న నమ్మకాన్ని యజమానికి ఇచ్చి పంపుతారు.

రోడ్డు మీద పుట్టిన అలవాటు

ఈ పద్ధతి కార్ల, లారీల షెడ్ల నుంచి వచ్చింది. బోటు ఇంజిన్లలో చాలావాటికి లారీ ఇంజిన్లే మూలం కాబట్టి, రెండు చోట్లా 12 లేదా 24 వోల్టుల బ్యాటరీలే కాబట్టి, వైరింగు పని కూడా ఒకటేనని అనుకోవడం సహజం. కానీ కారులో ఇనుప బాడీయే మైనస్ వైరుగా పని చేస్తుంది. ప్రతి దీపానికీ ఒక్క వైరు లాగితే చాలు. విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం తీరాల్లో తిరిగే ఫైబరు బోట్ల సంగతి వేరు. ఫైబరు విద్యుత్తును మోయదు. ప్రతి దీపానికీ, ప్రతి పంపుకీ ప్లస్ వైరు వెళ్లాలి, మైనస్ వైరు తిరిగి రావాలి. దారి పొడవు రెట్టింపవుతుంది, జాయింట్లూ పెరుగుతాయి.

ఆ జాయింట్ల మీద పని చేసేది ఉప్పు. సన్నని రాగి పోగులతో అల్లిన వైరు కొన తడిస్తే, ఉప్పునీరు పోగుల సందుల గుండా ఇన్సులేషన్ లోపలికి పాకుతుంది. రాగి నల్లబడుతుంది, ఆ పైన పచ్చని చిలుము పడుతుంది. బయటికి తొడుగు కొత్తదానిలాగే మెరుస్తుంటుంది. కారులో పదేళ్లు నిలిచే మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు, బోటులో ఒక వర్షాకాలం దాటడమే కష్టం. టేపు తేమను ఆపదు సరికదా, లోపలికి చేరిన తేమను ఆరనివ్వదు. అందుకే బోటు వైరుకు తగరపు పూత ఉన్న రాగి పోగులు మేలు. కొనలకు లగ్గులు క్రింపింగ్ పనిముట్టుతో నొక్కి, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ గొట్టంతో మూసేయాలి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ విద్యుత్ ప్రమాణం ఒట్టి సోల్డరు మీద ఆధారపడిన జాయింటును అంగీకరించదు. ఇంజిను అదురుకు సోల్డరు ఆగిన చోటే పోగులు తెగుతాయి.

మీటరు 12 చూపితే ఏం రుజువైనట్టు?

మార్పిడి పద్ధతికి అతి పెద్ద అండ ఒక పరీక్ష. పంపు తిరగడం లేదు. మెకానిక్ పంపు వైర్లు విప్పి, వాటి కొనలకు మీటరు పెడతాడు. 12.6 వోల్టులు కనిపిస్తాయి. ‘కరెంటు వస్తోంది, పంపే పోయింది’ అని తేలుస్తాడు. ఈ తీర్పు తప్పు. ఆ మీటరు రీడింగు దాన్ని నిలబెట్టదు.

డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగాఓములు. దాని గుండా పారే విద్యుత్తు మైక్రో ఆంపియరుకు కాస్త ఎక్కువ. జార్జ్ ఓమ్ 1827లో ప్రచురించిన నియమం ప్రకారం దారిలో పడిపోయే వోల్టేజి, పారే విద్యుత్తును దారి నిరోధంతో గుణిస్తే వచ్చేంత. చిలుము పట్టిన జాయింటులో ఒకటిన్నర ఓము నిరోధం ఉన్నా, మీటరుకు పారే ఆ కాస్త విద్యుత్తుకు అక్కడ పడేది కొన్ని మైక్రో వోల్టులే. కాబట్టి మీటరు బ్యాటరీ వోల్టేజిని దాదాపు పూర్తిగా చూపిస్తుంది. అదే దారిలో 4 ఆంపియర్లు లాగే పంపును పెడితే లెక్క మారిపోతుంది. ఆ పంపును సుమారు 3 ఓముల నిరోధంగా తీసుకుంటే, మొత్తం నాలుగున్నర ఓములు. పారేది 4 ఆంపియర్లకు బదులు 2.7 లోపే. పంపుకు చేరేది 8 వోల్టులు, మిగతా 4 వోల్టులూ జాయింటులోనే వేడిగా ఖర్చవుతాయి. మోటారు మూలుగుతుంది, లేదా కదలదు.

ఇక్కడే అసలు మోసం జరుగుతుంది. కొత్త పంపు బిగించేటప్పుడు మెకానిక్ పాత వైరు కొనను కత్తిరించి, తాజా రాగి బయటపెట్టి, కొత్త జాయింటు వేస్తాడు. పంపు చక్కగా తిరుగుతుంది. నిజానికి బాగుపడింది జాయింటు. పేరు మాత్రం కొత్త పంపుకు దక్కుతుంది. మంచి పంపు చెత్తలోకి పోతుంది. కొత్త జాయింటుకు కూడా టేపే చుట్టి ఉంటే కొద్ది నెలల్లో అదే కథ మళ్లీ మొదలవుతుంది, అప్పుడు ‘ఈ కంపెనీ పంపులు నిలవడం లేదు’ అన్న మాట పుడుతుంది. మార్పిడి పద్ధతికి ఋజువులుగా చెప్పే అనుభవాలు చాలావరకు ఇలాంటివే.

సరైన పరీక్షకు అదే మీటరు చాలు. వైర్లు విప్పకూడదు. స్విచ్చి వేసి, పంపు లోడు మీద ఉండగానే మీటరు ఒక కొనను బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, రెండో కొనను పంపు ప్లస్ వైరు మీద పెట్టాలి. కనిపించే అంకె ఆ దారిలో పోతున్న వోల్టేజి. మైనస్ వైపు కూడా అలాగే కొలవాలి. మైనస్ దారిని మరచిపోవడం అందరూ చేసే పొరపాటు. ఒక వైపు అర వోల్టు మించి పోతుంటే, రెండో కొనను స్విచ్చి దగ్గరికి, ఫ్యూజు దగ్గరికి, జాయింటు దగ్గరికి జరుపుతూ రావాలి. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతుందో, లోపం ఆ రెండు చోట్ల మధ్య ఉంది. రెండు వైపులా దారి శుభ్రంగా ఉండి, పంపు కొనల దగ్గర లోడు మీద కూడా 12 వోల్టులు ఉండి, అప్పుడూ పంపు తిరగకపోతేనే పంపు పోయిందని చెప్పవచ్చు. అది కూడా పంపు లోపల తిరిగే రెక్కల చక్రానికి, అంటే ఇంపెల్లరుకు, చెత్త అడ్డు పడలేదని చూశాకే.

వైరు మందం కూడా దారిలో భాగమే. బ్యాటరీకి 5 మీటర్ల దూరంలో 10 ఆంపియర్లు లాగే పరికరం ఉంటే, రానూపోనూ 10 మీటర్ల వైరు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడితే 1.15 వోల్టులు దారిలోనే పోతాయి, అంటే దాదాపు పదోవంతు. 2.5 వైరుతో 0.7 వోల్టు. 6 వైరుతో 0.3 వోల్టు లోపు. దిక్సూచక దీపాలు, రేడియో వంటి ముఖ్యమైన వాటికి 3 శాతం మించి పోకూడదని ఆ అమెరికన్ ప్రమాణం చెబుతుంది. ఇంట్లో 230 వోల్టుల మీద ఒక వోల్టు పోయినా లెక్కలోకి రాదు. 12 వోల్టుల మీద అదే ఒక్క వోల్టు దీపాన్ని మసకబారుస్తుంది. ఇంటి వైరింగు అనుభవం బోటులో దారి తప్పించేది ఇందుకే.

పెద్ద బ్యాటరీ అనే భ్రమ

ఉదయానికి బ్యాటరీ దిగిపోతుంటే పెద్దది కొనమని చెప్పడం తేలిక. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉండి కొన్ని గంటలు విశ్రాంతిగా ఉంటే 12.6 నుంచి 12.7 వోల్టులు చూపుతుంది. 12.2 దగ్గర సగం ఖాళీ. ఇంజిను తిరుగుతున్నప్పుడు పోస్టుల దగ్గర 14 వోల్టులకు అటూఇటూ రావాలి. ఈ అంకెలు చూడకుండా బ్యాటరీని నిందించడానికి వీల్లేదు.

విశ్రాంతిలో ఉన్నప్పుడు వోల్టేజి బాగుండి ఉదయానికి పడిపోతే, ఎక్కడో కారుతోంది. మెయిన్ స్విచ్చి ఆపి, మైనస్ కేబులు విప్పి, మధ్యలో ఆంపియర్ల రేంజిలో మీటరు పెడితే ఆ కారడం ఎంతో తెలుస్తుంది. ఐదోవంతు ఆంపియరు చిన్నగా కనిపిస్తుంది. పది రోజుల్లో అది 48 ఆంపియర్ అవర్లు, అంటే 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి సగం. ఇంజిను మీద 14 రాకపోతే లోపం ఛార్జింగు వైపు ఉంది. బెల్టు, జాయింటు, ఔట్‌బోర్డులో అయితే రెక్టిఫయరు చూడాలి. చిన్న ఔట్‌బోర్డులు నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఇచ్చే ఛార్జింగు చాలా తక్కువ. అలాంటి ఇంజినుకు రెట్టింపు బ్యాటరీ కట్టినంత మాత్రాన రెట్టింపు ఛార్జింగు పుట్టదు. ఎప్పుడూ సగం నిండి ఉండే బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి, పెద్ద బ్యాటరీ కూడా ముందుగానే చచ్చిపోతుంది. ఇంజిను తిరుగుతుండగా ‘ఛార్జింగు వస్తోందా’ అని బ్యాటరీ కేబులు పీకి చూసే అలవాటు ఇంకా ఘోరం. ఆ క్షణంలో ఎగసే వోల్టేజి ఆల్టర్నేటరు డయోడ్లను కాల్చేస్తుంది.

ఫ్యూజు కాపాడేది వైరును

‘12 వోల్టులు ఏం చేస్తాయి’ అన్న మాట సగం నిజం. ముట్టుకుంటే షాక్ కొట్టదు. నిప్పు మాత్రం పుట్టిస్తుంది. బ్యాటరీ పోస్టుల మధ్య పాన పడితే వందల ఆంపియర్లు పారి ఇనుము ఎర్రబడుతుంది. 10 ఆంపియర్లు పారే జాయింటులో ఒక్క వోల్టు పోయినా 10 వాట్ల వేడి గోరంత చోట పుడుతుంది.

ఫ్యూజు పంపును కాపాడడానికి ఉందని చాలామంది అనుకుంటారు. దాని మొదటి పని వైరు కాలిపోకుండా ఆపడం. వైరు మోయగలిగిన దాన్ని బట్టే ఫ్యూజు ఎంచుకోవాలి. 10 ఆంపియర్ల ఫ్యూజు పదేపదే పోతోందని 30 వేసినవారు, ఇక కాలేది ఫ్యూజు బదులు వైరు అయ్యేలా చేసినట్టే. ఆ వైరు ఎక్కువగా డీజిల్ ట్యాంకు పక్కనో, నురుగు నింపిన గోడ వెనకో ఉంటుంది. ఫ్యూజు ఉండాల్సింది కూడా పంపు దగ్గర కాదు, విద్యుత్తు బయల్దేరే చోట. ఆ అమెరికన్ ప్రమాణం దీనికి పెట్టిన మూల హద్దు 7 అంగుళాలు. పోయిన ఫ్యూజు అంటే వైరు ఎక్కడో ఒరుసుకుపోతోందని, లేదా ఇంపెల్లరు ఇరుక్కుని మోటారు ఎక్కువ లాగుతోందని అర్థం. ఆ కబురు వినకుండా పెద్ద ఫ్యూజుతో దాని నోరు మూయకూడదు.

పెట్రోలు ఇన్‌బోర్డు బోట్లలో మార్పిడి పద్ధతి ప్రాణాల మీదికే తెస్తుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. రోడ్డు మీద అది చెదిరిపోతుంది, బోటులో అడుగున పేరుకుంటుంది. అందుకే బోటు స్టార్టరు మోటారు, ఆల్టర్నేటరు లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా కట్టుదిట్టంగా తయారవుతాయి. కారు స్టార్టరు అదే బోల్టులకు సరిగ్గా అమరుతుంది, ధర తక్కువ, ఇంజినునూ తిప్పుతుంది. ఆ కట్టుదిట్టం మాత్రం దానిలో ఉండదు. ‘అమరింది కదా, తిరిగింది కదా’ అన్న వాదన ఇక్కడ ఒక్క నిప్పురవ్వతో తేలిపోతుంది.

బిల్జ్ పంపు ఉందన్న ధీమా

బోటు అడుగున, అంటే బిల్జ్‌లో, నీరు చేరితే పెద్ద పంపు పెట్టమనడం ఇదే ఆలోచనకు మరో రూపం. నీటిమట్టానికి 60 సెంటీమీటర్ల దిగువన 25 మిల్లీమీటర్ల గొట్టం ఊడిపోతే లోపలికి సెకనుకు సుమారు ఒక లీటరు వస్తుంది, గంటకు 3,600 లీటర్లు. గంటకు 500 గ్యాలన్లు అని ముద్రించిన పంపు సామర్థ్యం 1,900 లీటర్లు. ఆ అంకె కూడా సాధారణంగా ఛార్జింగు మీద ఉండే వోల్టేజితో, నీటిని ఏమాత్రం పైకి ఎత్తకుండా కొలిచినది. మీటరు ఎత్తుకు, మడతలు పడిన గరుకు గొట్టం గుండా, దారిలో 10 వోల్టులకు పడిపోయిన విద్యుత్తుతో అది తోడేది అందులో చాలా తక్కువ. విద్యుత్ దారి, నీటి దారి రెండూ కలిసి పంపును ఓడించే చోటు ఇదే. పంపును మార్చకుండానే లోపల నున్నగా ఉండే గొట్టం, తక్కువ మలుపులు, మందమైన వైరు పెడితే అదే పంపు ఎక్కువ తోడుతుంది.

నీరు పెరగగానే పంపును తనంతట తానే నడిపించే ఫ్లోటు స్విచ్చికి మెయిన్ స్విచ్చితో సంబంధం లేకుండా, సొంత ఫ్యూజుతో బ్యాటరీ నుంచి నేరుగా వైరు ఉండాలి. లేకపోతే బోటు కట్టేసి వెళ్లిన రాత్రి పంపు నిద్రపోతుంది. బయటికి నీళ్లు పోసే నోరు నీటిమట్టానికి పైన ఉండాలి. గొట్టం దానికంటే ఎత్తుకు లేచి దిగాలి. లేకపోతే బోటు ఒరిగినప్పుడు సముద్రమే ఆ దారిన లోపలికి వస్తుంది. గొట్టంలో నీరు వెనక్కి రాకుండా నాన్‌రిటర్న్ వాల్వు పెట్టడం మంచి మందులా కనిపిస్తుంది, కానీ చెత్త ఇరుక్కుంటే అది పంపునే మూసేస్తుంది.

ఏ పంపు పెట్టినా మొదటి ప్రశ్న నీరు ఎక్కడి నుంచి వస్తోందన్నదే. షాఫ్టు గ్లాండు, హోస్ క్లిప్పులు, బోటు అడుగున దూసుకెళ్లే లోహపు ఫిట్టింగులు చూడాలి. ఇత్తడి ఫిట్టింగు ఉప్పునీటిలో జింకును పోగొట్టుకుని, గులాబి రంగుకు తిరిగి, పెంకులా పెళుసవుతుంది. అక్కడ కంచు ఉండాలి. తేమలో నానుతున్న ప్లస్ వైరు ఒకటి ఆ ఫిట్టింగును తాకితే వినాశనం వేగం వేరు. ఫారడే నియమం లెక్కన, లోహం నుంచి నీటిలోకి పదోవంతు ఆంపియరు నెల రోజులు పారితే 85 గ్రాముల రాగి కరిగిపోతుంది. ఆ ఫిట్టింగును కొత్తదానితో మార్చినవారు ఆ వైరుకు మరో ఫిట్టింగును మేతగా వేసినట్టే.

తుప్పును తమ మీదికి తీసుకుని బోటు లోహాన్ని కాపాడేందుకు కట్టే బలి లోహాల సంగతీ అంతే. సముద్రంలో జింకు, ఉప్పు కలిసిన మొగ నీటిలో అల్యూమినియం, మంచినీటిలో మెగ్నీషియం వాడాలి. ధవళేశ్వరం ఆనకట్టకు పైన గోదావరిలో తిరిగే బోటుకు సముద్రపు జింకు కడితే, దాని మీద పొర పేరుకుని అది పని చేయడం మానేస్తుంది. ‘ఈ జింకు అసలు అరగడం లేదు’ అని సంతోషించడం అజ్ఞానం. అరగని బలి లోహం కాపాడని బలి లోహం.

థర్మోస్టాట్ పీకడం

ఇంజిను వేడెక్కితే థర్మోస్టాట్ తీసేయడం చాలా షెడ్లలో మామూలు మందు. మీటరు ముల్లు దిగుతుంది కాబట్టి మందు పని చేసినట్టు కనిపిస్తుంది. అసలు కారణం నీటి దారిలో అలాగే ఉంటుంది. నీరు పీల్చే జల్లెడకు ప్లాస్టిక్ సంచి అడ్డు పడి ఉండవచ్చు. పీల్చే గొట్టం క్లిప్పు వదులై గాలి పీలుస్తూ ఉండవచ్చు. రబ్బరు ఇంపెల్లరు రెక్కలు విరిగి ఉండవచ్చు. విరిగిన ముక్కలు ముందుకు పోయి హీట్ ఎక్స్ఛేంజరులోనో, సన్నని దారుల్లోనో ఇరుక్కుంటాయి. కొత్త ఇంపెల్లరు వేసినవారు పాతదాని రెక్కలు లెక్కపెట్టి, తప్పిపోయిన ప్రతి ముక్కనూ వెతికి తీయకపోతే వేడి తగ్గదు. సముద్రపు నీరు నేరుగా ఇంజినులో తిరిగే రకాల్లో ఉప్పు, సున్నం పేరుకోకుండా థర్మోస్టాట్‌ను సుమారు 60 డిగ్రీల దగ్గరే తెరుచుకునేలా పెడతారు. అది తీసేసిన ఇంజిను చల్లగా తిరుగుతూ ఇంధనాన్ని సరిగా కాల్చదు, ఆయిలు చెడిపోతుంది. పని అయ్యాక మంచినీటితో కడగడం, ఔట్‌బోర్డు వెనక చిమ్మే నీటి ధారను రోజూ చూడడం ఏ మార్పిడి కంటే చవక.

తాగునీటి పంపు కూడా లోపం ఎక్కడుందో తానే చెబుతుంది. కుళాయిలన్నీ మూసినా అప్పుడప్పుడు తనంతట తాను తిరిగితే, చాలావరకు పంపు తర్వాతి దారిలోనే ఎక్కడో కారుతోంది. ఆగకుండా తిరుగుతూ కుళాయిలో గాలి ఉమ్మితే, పంపుకు ముందు ట్యాంకు వైపు గాలి పీలుస్తోంది. ఈ రెండు సందర్భాల్లోనూ ముందుగా పంపును మార్చడం వృథా.

ప్రతివాదానికి సమాధానం

మార్పిడిని సమర్థించేవారికి ఒక బలమైన మాట ఉంది. తీరానికి దూరంగా, అలల మీద, చీకట్లో ఎవరూ వోల్టేజి లెక్కలు వేయలేరు, ఆ క్షణంలో విడిభాగమే దిక్కు. ఇది నిజం. అందుకే ఇంపెల్లరు, బెల్టు, ఫ్యూజులు, ఒక బిల్జ్ పంపు బోటులో ఎప్పుడూ ఉండాలి. ఇంపెల్లరు వంటి అరిగే వస్తువులను పాడవకముందే, గడువు ప్రకారం మార్చాలి. కానీ సముద్రంలో మార్చినది తాత్కాలిక ఉపాయం. ఒడ్డుకు వచ్చాక అది ఎందుకు పోయిందో కొలిచి తెలుసుకోకపోతే, మళ్లీ సముద్రంలోనే అది పోతుంది, అప్పటికి పెట్టెలో విడిభాగం ఉండదు.

పరీక్షలకు సమయం, ఖర్చు ఎక్కువన్న మాట నిలవదు. మామూలు మీటరు కొన్ని వందల రూపాయలు. పైన చెప్పిన లోడు పరీక్ష కొన్ని నిమిషాల పని. అనవసరంగా కొన్న ఒక్క పంపు ధర ఆ మీటరు ధరను దాటుతుంది.

ఈ పనిని నిలకడగా చేయడానికి మూడు అలవాట్లు చాలు. మొదటిది, ప్రతి వైరుకూ రెండు కొనల దగ్గరా గుర్తు కట్టి, వైరింగు బొమ్మ గీసి స్విచ్చి బోర్డు మూత లోపల అంటించడం. రెండోది, బోటు బాగున్నప్పుడే విశ్రాంతిలో బ్యాటరీ వోల్టేజి, ఛార్జింగు వోల్టేజి, ప్రతి పంపు దగ్గర లోడు మీద వోల్టేజి, ఇంజిను మామూలు వేడి రాసి పెట్టుకోవడం. ఆరోగ్యపు అంకె తెలియనివారికి జబ్బు అంకె అర్థం కాదు. మూడోది, ఏ వస్తువు పని చేయకపోయినా మూలం నుంచి మొదలుపెట్టి దారి వెంట కొలుచుకుంటూ రావడం: బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చి, జాయింటు, వైరు, చివరికి వస్తువు. నీటికైతే జల్లెడ, వాల్వు, గొట్టం, క్లిప్పు, పంపు, బయటికి పోయే నోరు. ఈ వరుసలో వస్తువు వంతు ఆఖరున వస్తుంది. ఆ వంతు వచ్చేదాకా కొత్త వస్తువు కొనమని చెప్పే మెకానిక్ మాటను ఏ బోటు యజమానీ ఒప్పుకోకూడదు.